మెట్టెలూ, మెట్లూ

“కాలికి మెట్టెలొచ్చాయంటే చేతికి మెట్లు పోతాయే పిల్లా!” అనేవారు గద్వాలలో మాకు సంగీతం చెప్పిన టీచరమ్మ. ఆవిడ చెప్పే మెట్లు మేడమెట్లు కావు. వీణ దండి మీద మైనంలో కూర్చిన మెట్లు. వీణకి అవి 24 ఉంటాయి. ఏ మెట్టు మీద వేలు ఆనిస్తే ఆ స్వరం పలుకుతుంది. పెళ్లయ్యాక ఆవిడ వీణ పదేళ్లపాటు గవిసెనలోనే ఉండిపోయిందిట. పిల్లలు బళ్లో పడ్డాక తీసి చూస్తే తీగెలు తుప్పుపట్టి, మైనం బీటలు వారి ఉందిట. ఆ సంగతి చెప్పి పకపకా నవ్వేవారు. అందులో నవ్వడానికేముందో పద్దెనిమిదేళ్ల పిల్లకేం తెలుస్తుంది లెండి!

నేను పుట్టిన ఏడే, 1980లో, ‘శంకరాభరణం’ సినిమా వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి మా వీధిలో ఆడపిల్లలున్న ఏ ఇంటిముందు నిలబడినా సరళీ వరసలే. నన్ను మాత్రం మా అమ్మ కాలేజీలో చేరాక గానీ సంగీతంలో పెట్టలేదు. పగలు గద్వాల కోటలో, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారి పేరిట ఉన్న కాలేజీలో బి.ఏ. పాఠాలు. సాయంత్రం టీచరమ్మ ఇంట్లో తాళాలు. “పెళ్లిచూపుల్లో పాడమంటారు. దిక్కులు చూస్తూ కూర్చుంటే బాగుంటుందా?” అన్నది అమ్మ వాదన. రెండేళ్లలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, నాలుగు గీతాలు అయ్యాయి. ఆపైన పెళ్లిచూపుల కోసమని ప్రత్యేకంగా ఒక కీర్తన, పరీక్షకి ముఖ్యమైన ప్రశ్న బట్టీ పట్టినట్లు.

ఆ రోజు రానే వచ్చింది. గద్వాల చీర కట్టుకుని, తల వంచుకుని, చాప మీద కూర్చుని పాడాను. పాట అవగానే పెళ్లికొడుకు మేనత్తగారు, “గొంతు బానే ఉంది. జొన్నరొట్టె చేత్తో కొడుతుందా?” అని అడిగారు. కొడుతుందని అమ్మ చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి కృష్ణ దాటి వనపర్తి కోడలినయ్యాను. ఆ తరవాత ఈ పాతికేళ్లలో నన్నెవరూ పాడమని అడగలేదు. అలాగని పాడొద్దనీ అనలేదు. నిజం చెప్పొద్దూ, ఎవరైనా వద్దని ఉంటే పంతానికైనా పాడి ఉండేదాన్నేమో!

శంకరాభరణం అంటే ఒక కథ గుర్తొస్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో తంజావూరు సీమలో నరసయ్య అనే గాయకుడుండేవాడు. ఆ రాగం పాడడంలో సాటి లేడని ఆయనకి ‘శంకరాభరణం నరసయ్య’ అన్న పేరే స్థిరపడిపోయింది. ఒకసారి డబ్బు అవసరమై ఒక ధనవంతుణ్ణి అప్పు అడిగాడట. తాకట్టు పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు. అంచేత ఆ రాగాన్నే తాకట్టు పెట్టి, బాకీ తీరేదాకా మళ్లీ పాడనని మాటిచ్చాడట. తరవాత ఒక పెళ్లిలో ఆ రాగమే పాడమని అడిగేసరికి సంగతి బయటపడి, బాకీ తీర్పించి రాగాన్ని విడిపించారని చెప్పుకుంటారు.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, మన ఇళ్లలో ఎన్ని రాగాలు ఇలా తాకట్టులో పడి ఉన్నాయో కదా అని! మనం పత్రం రాసిచ్చిందీ లేదు, మన చేతికి పైకం వచ్చిందీ లేదు. వడ్డీ మాత్రం రోజూ పొద్దున్నే లేచి కడుతూనే ఉంటాం. విడిపించే ఆసామి ఎవరో వస్తాడని ఎదురు చూడకుండా, నాది నేనే విడిపించుకుందామని నలభై అయిదో ఏట నాకు బుద్ధి పుట్టింది.

అయితే వీణ కొనుక్కున్నానేమో అనుకునేరు! అదేం లేదు. మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకి హైదరాబాదు వెళుతూ ఇంట్లో వదిలేసిన సామానులో పాత పుస్తకాలు, తెగిన బాడ్మింటను బ్యాటుతోబాటు ఒక ఉకులేలే కూడా ఉంది. 2020లో, కరోనా రోజుల్లో ఇంట్లో పొద్దుపోక కొనిపించుకున్న వాయిద్యం అది. నెల్లాళ్లు మోగించి మూల పెట్టింది. చూడ్డానికి గిటారుకి పుట్టిన పిల్లలా ఉంటుంది. పొడుగు 21 అంగుళాలు. నాలుగే తీగెలు, అవీ నైలానువి. దుమ్ము దులిపి ఒళ్లో పెట్టుకుంటే నెలల బిడ్డంత బరువు కూడా లేదు.

దీని పుట్టుపూర్వోత్తరాలు సరదాగా ఉంటాయి. 1879 ఆగస్టులో, పోర్చుగీసువాళ్ల మదీరా దీవి నుంచి కొన్ని కుటుంబాలు ఓడెక్కి హవాయి దీవుల్లో దిగాయి. మన తెలుగు కూలీలు మారిషస్ వెళ్లినట్లే, వాళ్లూ చెరకు తోటల్లో పనికి వెళ్లారు. వాళ్ల వెంట ఒక చిన్న తీగెవాయిద్యం వెళ్లింది. ఆ ఓడలోనే వచ్చిన ముగ్గురు వడ్రంగులు దాని వరసలో అక్కడి కొయ్యతో కొత్తది తయారుచేశారు. అదే ఈ ఉకులేలే. హవాయివాళ్ల భాషలో ‘ఉకు’ అంటే పేను, ‘లేలే’ అంటే ఎగరడం. వాయించేవాళ్ల వేళ్లు అలా చెంగుచెంగున ఎగురుతాయని ఆ పేరు పెట్టారని చాలామంది చెబుతారు. ఈ సంగతి మా అత్తగారికి చెబితే, “పేలను చూసుడు ఎరుకనే గానీ, పేలను వాయించుడు ఇప్పుడే వింటున్న” అన్నారు!

ఇక దీని మీద సరిగమల సంగతి. తీగెలకి పైనుంచి కిందికి ఇంగ్లీషు పేర్లు జి, సి, ఇ, ఎ. ‘సి’ని షడ్జమం చేసుకుంటే, మన లెక్కలో అవి ప, స, గ, ధ అవుతాయి. పడమటివాళ్లు మేజర్ స్కేలు అనే ఏడు స్వరాలూ మన శంకరాభరణం స్వరాలే. మేళకర్తల్లో 29వది. హిందూస్తానీవాళ్లకి బిలావల్. వాయించే తీరు చెబుతాను చూడండి. ‘సి’ తీగెని ఊరికే మీటితే స. దాని మీద రెండో మెట్టు రి. పక్కనున్న ‘ఇ’ తీగెని ఊరికే మీటితే గ. దాని మొదటి మెట్టు మ, మూడో మెట్టు ప. ఆఖరున ‘ఎ’ తీగెని ఊరికే మీటితే ధ, రెండో మెట్టు ని, మూడో మెట్టు పై స. అంతే, అయిపోయింది! ఎనిమిదింట్లో మూడు స్వరాలకి ఎడమచేతికి బొత్తిగా పనే లేదు.

అన్నిటికన్నా పైనున్న తీగె ‘ప’ అన్నాను కదా. ఈ వరసలో దానికి పని తగలదు. పెద్దింటావిడలా పైన కూర్చుని చూస్తూ ఉంటుంది. కానీ ‘ఇ’ తీగె మూడో మెట్టు మీద పలికే ‘ప’, ఈవిడ పలికే ‘ప’ అచ్చంగా ఒకటే కావాలి. కాకపోతే శ్రుతి జారిందన్నమాట. నైలాను తీగెలకి సాగే గుణం ఉంది కనక కొత్తలో రోజూ జారుతుంది. పనిలేని పెద్దావిడే ఇంట్లో శ్రుతి కనిపెట్టి చెప్పేది అని మా అత్తగారితో అంటే, ఆవిడ ముసిముసిగా నవ్వారు.

చదవడానికి ఇంత తేలిగ్గా ఉంది కదా! అసలు చిక్కు చెవిలో ఉంది. మనం చిన్నప్పుడు నేర్చుకునే సరళీ వరసలు మాయామాళవగౌళలో ఉంటాయి. పురందరదాసుగారు పెట్టిన పద్ధతి అంటారు. అందులో రిషభం షడ్జమానికి ఆనుకుని ఉంటుంది. ఉకులేలే మీద అయితే మొదటి మెట్టే. ధైవతం కూడా అలాగే పంచమాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. శంకరాభరణంలో ఆ రెండూ ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతాయి. ‘స’ మోగగానే, పాతికేళ్లు మాట్లాడని నా గొంతు లోపల్నించి లేచి, టీచరమ్మ ఇంట్లో పాడిన ఆ దగ్గర ‘రి’నే అందుకునేది. వేలు శంకరాభరణం అంటుంటే గొంతు మాయామాళవగౌళ అనేది! నాకు విసుగు రాలేదు సరికదా కళ్లు చెమర్చాయి. పాత చీరల కింద దాచిన ఉత్తరం దొరికినట్లయింది. పాడడం మానేశాననుకున్నాను గానీ, పాట నన్ను మానలేదన్నమాట.

పడమటి వరసలు మనకి కొత్తేం కాదు లెండి. ముత్తుస్వామి దీక్షితులవారు ఇంగ్లీషువాళ్ల బాండుమేళం వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలని నలభై దాకా ఉన్నాయి. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే. అంతటి మహానుభావుడు రెండువందల ఏళ్ల కిందట చేసిన పని, వనపర్తిలో ఒక గృహిణి చేస్తే ఆచారానికేం లోటు రాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చెవి దారికొచ్చాక వేళ్ల వంతు. మొదటి మెట్టుకి చూపుడువేలు, రెండో మెట్టుకి నడిమివేలు, మూడో మెట్టుకి ఉంగరపువేలు అని నియమం. చూపుడువేలు చెప్పినమాట వింటుంది. నడిమివేలు కాస్త బతిమాలితే వింటుంది. ఉంగరపువేలు మాత్రం పక్కవాళ్లు కదిలితే గానీ కదలదు. దాని నరాలూ కండరాలూ పక్కవేళ్లతో పెనవేసుకుని ఉంటాయి గనక దానికి స్వతంత్రం తక్కువట. ఉంగరం తొడిగిన వేలికే స్వతంత్రం తక్కువని వైద్యులు చెప్పిన మాటే సుమండీ, నేను కల్పించింది కాదు! పదిహేను రోజులు వేళ్ల కొసలు మండాయి. ఆ తరవాత కాయలు కాశాయి. జొన్నరొట్టెలు కొట్టిన అరచెయ్యి, ఇన్నేళ్లూ నవలలు రాసిన చూపుడువేలు ఇదివరకే కాయలు కాసి ఉన్నాయి. ఈ కొత్త కాయలు మాత్రం అచ్చంగా నా సొంతం.

సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా వెనక వసారాలో నా సాధన. మా అత్తగారు పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటారు. ఆవిడకి సరిగమలు తెలియవు. బతుకమ్మ పాటలు మాత్రం తొమ్మిది రోజులు పాడినా ఇంకా మిగిలేన్ని వచ్చు. ఒకరోజు నేను ‘ని’ దాకా వెళ్లి, పై ‘స’కి ఉంగరపువేలు కుదురుగా పెట్టాలని ఆగాను. ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉంది. “ఏంది పిల్లా, ఇంటిదాంక వొచ్చి గడప తొక్కకుండ నిలవడ్తివి? లోపటికి రా!” అన్నారు. నేను తెల్లబోయాను. ఆ వరసలో మెట్లు రెండేసి చొప్పున సాగుతాయి. గ నుంచి మకి, ని నుంచి పై సకి మాత్రం ఒక్కొక్క మెట్టే దూరం. అంత దగ్గరకి వచ్చాక చెవి ఆగలేదు, లోపలికి వెళ్లి తీరాలంటుంది. సంగీత శాస్త్రం పేజీలకి పేజీలు రాసిన సంగతి, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు.

మావారిది వేరే ధోరణి. ఆయన వేళాకోళం చెయ్యలేదు. వద్దనీ అనలేదు. ఫోనులో శ్రుతి చూపించే ముల్లు కూడా ఆయనే పెట్టి ఇచ్చారు. ఒక్కటే ప్రశ్న, “ఇదంతా ఎందుకు చెప్పు?” ఆ ప్రశ్నలో కోపం లేదు. మామూలుగా అడిగారు. జవాబు చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఎందుకు? బి.ఏ. ఎందుకు అంటే సంబంధాల కోసం. సంగీతం పెళ్లిచూపుల కోసం. వంట ఇంటిల్లిపాది కోసం. చివరికి నవలలు రాయడానికి కూడా సంపాదకులున్నారు, పాఠకులున్నారు, పారితోషికం ఉంది. ఎవరూ మార్కులు వెయ్యని పని నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కటీ చేసినట్లు లేదు. “ఊరికే” అన్నాను. “ఊరికేనా?” అన్నారు ఆయన, ఆ మాట ఎక్కడా వినని వాళ్లలాగా.

ఆ ‘ఊరికే’కి పరీక్ష త్వరలోనే వచ్చింది. నాగర్‌కర్నూలులో మా ఆడపడుచు కొత్తింట్లో పాలు పొంగించారు. బంధువులంతా చేరారు. “వదినా, నీ బుజ్జి వీణ కూడా తీసుకురా” అని ముందే ఫోను చేసింది. మావారు దాన్ని కారులో పెట్టనే పెట్టారు. భోజనాలయ్యాక జంపఖానా పరిచి అందరూ కూర్చున్నారు. మా ఆడపడుచు మామగారు, పెద్దమనిషి, ఎంతో ప్రేమగా, “ఏమమ్మా, ఏదో వాయిస్తవంట గదా. ఒకటి వినిపియ్యి” అన్నారు. అందరి కళ్లూ నా మీదే. నా తల తనంతట తానే కిందికి వంగింది. అచ్చం ఆ చాప, ఆ గద్వాల చీర, ఆ మేనత్తగారూ కళ్లముందు కట్టినట్లయింది.

తల ఎత్తి చెప్పాను, “మామగారూ, ఏమీ అనుకోకండి. ఇది నేను ఎవరికీ వినిపించడానికి నేర్చుకోవడం లేదు. నా కోసం నేర్చుకుంటున్నాను.”

గొంతు కాస్త వణికింది గానీ మాట తప్పలేదు. గదిలో క్షణంసేపు ఎవరూ మాట్లాడలేదు. మావారు కిటికీవైపు చూస్తున్నారు. అప్పుడు మా అత్తగారు గిన్నె చేతికి తీసుకుని, “పొద్దూకంగ ఆమె అర్ధగంట తనకోసం వాయించుకుంటది. దానికి మీరెందుకు? ఇంత పాయసం వేస్కోండి” అన్నారు. పెద్దాయన నవ్వేసి గిన్నె ముందుకు జరిపారు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఇరవయ్యో ఏట ఈ మాట అనొచ్చని తెలియదు. తెలిసినా అననిచ్చేవాళ్లు కాదు.

తిరుగుదారిలో కారులో కూర్చుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ నాగర్‌కర్నూలు జిల్లాలోనే, లింగాల మండలం అవుసలికుంటవారు కిన్నెర మొగిలయ్యగారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. పండుగ సాయన్న కథ పాడుతూ ఊళ్లు తిరిగిన మనిషి. 2021లో ఒక సినిమా పాటకి ఆయన గొంతు కలిపాక లోకానికి తెలిశారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మెట్లకీ నా మెట్లకీ పేరు ఒకటే. కానీ ఎవరూ వినకపోయినా ఫరవాలేదని నేను అనగలను. ఆ మాట ఊరూరా తిరిగే కిన్నెర కళాకారుడు అనలేడు. వినేవాళ్లు లేకపోతే ఆ పూట గింజలు లేవు. ఊరికే వాయించుకోవడం కడుపు నిండినవాళ్లకి దొరికే భాగ్యం. అది తెలుసుకునే ఆ అరగంటని ఇంకా భద్రంగా చూసుకుంటున్నాను. దొరికిన భాగ్యాన్ని మూల పెట్టి దుమ్ము పట్టనివ్వడం మాత్రం ఏం మర్యాద?

ఇప్పుడు రెండో స్కేలులో ఉన్నాను. ఇందులో ‘ఇ’ తీగె మొదటి మెట్టు, అంటే మొన్నటిదాకా ‘మ’గా ఉన్నదే ‘స’ అవుతుంది. అక్కణ్ణించి ఎక్కడం మొదలుపెట్టాలి. కంగారు పడక్కర్లేదు. మునుపటి స్వరాల్లో ఒక్కటే మారుతుంది. ‘ఎ’ తీగె రెండో మెట్టు మీదున్నది ఒక మెట్టు కిందికి జరిగితే చాలు. తక్కినవన్నీ ఉన్నచోటే ఉంటాయి, పేర్లు మాత్రం మారతాయి. రెండు, రెండు, ఒకటి, మళ్లీ రెండు, రెండు, రెండు, ఒకటి. ఎక్కడ మొదలుపెట్టినా ఈ దూరాలు తప్పకపోతే అది శంకరాభరణమే. నడిగడ్డలో పుట్టి, కృష్ణ దాటి వచ్చి, ఇంటిపేరు మార్చుకున్న దాన్ని. ఈ లెక్క నాకు ఒకరు చెప్పాలా!

మొన్న మా అమ్మాయి ఫోను చేసింది. “అమ్మా, దసరాకి వస్తున్నా. నా ఉకులేలే అక్కడే ఉంది కదా? హాస్టల్లో అందరూ వాయిస్తున్నారు. తీసుకెళతా” అంది. ఉందన్నాను. వస్తువు దానిది, కాదనడానికి లేదు. ఫోను పెట్టేసి ఆలోచించాను. ఈ మధ్య ఒక సీరియల్‌కి పారితోషికం వచ్చింది. మామూలుగా అయితే అది బియ్యంలోనో, ఫీజుల్లోనో కలిసిపోయేది. ఆ రాత్రి భోజనాల దగ్గర, “నాకొక ఉకులేలే కొనుక్కుంటాను. నా డబ్బుతోనే” అన్నాను. ఆ పాత ప్రశ్న వస్తుందని కాచుకుని కూర్చున్నాను.

మావారు మజ్జిగ కలుపుకుంటూ కాసేపు ఊరుకున్నారు. తరవాత అడిగారు.

“పన్నెండు మెట్లదా, పదిహేను మెట్లదా?”